పేరు మార్చుకున్న ఊరు

కెనడాలో ఫ్రెంచి మాట్లాడే రాష్ట్రం క్విబెక్. అక్కడ మాంట్రియల్‌కి తూర్పున, కారులో రెండు గంటలు పోతే వచ్చే ఒక చిన్న ఊరు 2020లో పేరు మార్చుకుంది. జనాభా ఏడు వేలు. పాత పేరు ఆస్బెస్టాస్. కొత్త పేరు వాల్-దె-సూర్స్. మన మాటల్లో చెప్పాలంటే ఊటల లోయ.

ఊళ్ళ పేర్లు మారడం మనకేమీ వింత కాదు. మద్రాసు చెన్నై అయింది, బొంబాయి ముంబయి అయింది. వాటి చుట్టూ జరిగే వాదన ఎప్పుడూ ఒకటే: పాత పేరు ఎవరు పెట్టారు, కొత్త పేరు ఎవరికి గౌరవం? ఆస్బెస్టాస్ సంగతి వేరు. ఆ ఊళ్ళో చాలామందికి పాత పేరంటే ప్రేమే. బయటివాళ్ళు ఆ పేరు విని మొహం పెట్టే తీరుతోనే వాళ్ళకి ఇబ్బంది. విజిటింగ్ కార్డు ఇస్తే దాని మీద ఊరి పేరు చూసి తీసుకోవడానికి వెనకాడేవాళ్ళున్నారని 2019లో ఊరి కౌన్సిల్ వాపోయింది. కాన్సర్ తెచ్చే ఖనిజం పేరున్న ఊళ్ళో ఫ్యాక్టరీ ఎవడు పెడతాడు?

నేను ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి. మా పనిలో పేర్లు మార్చడం రోజూ ఉండేదే. ఒక వేరియబుల్ పేరు బాగాలేకపోతే మారుస్తాం. దానికి ఒకటే నియమం: పేరు మారినా ప్రోగ్రాం చేసే పని మారకూడదు. అందుకే ఈ ఊరి వార్త చదివినప్పుడు నాకు వచ్చిన మొదటి ప్రశ్న కొంచెం మొరటుగానే ఉంది. పేరు మారింది సరే, బాకీ ఎవరి ఖాతాలో ఉంది? ఆ బాకీలో కొంత మనవైపు రావలసిందన్న సంగతి తర్వాత తెలిసింది.

ఆ ఊరు నేను చూడలేదు. చదివింది, మ్యాపులో చూసింది, అంతే. మ్యాపులో చూస్తే మాత్రం ఒకటి వెంటనే అర్థమవుతుంది. ఊరి పక్కన గని ఉందనడం సరికాదు, గని పక్కన ఊరు మిగిలింది. దాదాపు రెండు కిలోమీటర్ల వెడల్పు, 350 మీటర్ల లోతు ఉన్న గుండ్రటి గొయ్యి. మెట్లు మెట్లుగా లోపలికి దిగుతుంది, అడుగున నీళ్ళు చేరుతున్నాయి. చుట్టూ తవ్విపోసిన రాతిపొడి గుట్టలు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటాం కదా, ఇక్కడ పేరూ దిబ్బే, ఊరి చుట్టూ దిబ్బలే.

1880 ప్రాంతంలో ఈ రాతిలో తెల్లటి నార కనిపించింది. రాయి లాంటిదే, కానీ దారంలా విడదీయొచ్చు, వడకొచ్చు, నేయొచ్చు. నిప్పులో వేస్తే కాలదు. ఆవిరి యంత్రాల కాలం అది, కాలని దారం బంగారంతో సమానం. విలియం జెఫ్రీ అనే రైతు తవ్వకం మొదలుపెట్టాడు, గనికి ఆయన పేరే మిగిలింది. తర్వాత గని అమెరికాకి చెందిన జాన్స్-మాన్విల్ కంపెనీ చేతికి వెళ్ళింది. పనివాళ్ళు ఫ్రెంచి కాథలిక్కులు. పై అధికారులు ఇంగ్లీషువాళ్ళు. గని పెరిగినకొద్దీ ఊరు వెనక్కి జరిగింది. ఇళ్ళు, వీధులు, ఆఖరికి పాత చర్చి కూడా గొయ్యికి దారి ఇచ్చాయి. తమకు తిండి పెట్టేదే తమ ఊరిని తింటోందని అక్కడివాళ్ళకి తెలియకుండా ఉండదు. తెలిసే ఉన్నారు. దాన్ని గర్వంగా కూడా చెప్పుకున్నారు: ప్రపంచంలోకెల్లా పెద్ద ఆస్బెస్టాస్ గనుల్లో మాది ఒకటి అని.

పేరు సంగతి ఇక్కడ కొంచెం ఆగి చూడాలి, నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఇదే. ఫ్రెంచిలో ఈ ఖనిజాన్ని ఆస్బెస్టాస్ అనరు. 'అమియాంత్' అంటారు. అంటే ఆ ఊరివాళ్ళకి తమ ఊరి పేరు ఇంగ్లీషు యజమానులు పెట్టిపోయిన ఒక ధ్వని. అది పలికినప్పుడు వాళ్ళ మనసులో మెదిలేది ఖనిజం కాదు. బడి, చర్చి, హాకీ మైదానం, అమ్మానాన్న. ఇంగ్లీషు తెలిసినవాడికి మాత్రం ఆ పేరు వినగానే ఆస్పత్రి గుర్తొస్తుంది. ఒకే మాట రెండు భాషల మధ్య నిలబడి ఒకరికి ఊరు, ఇంకొకరికి జబ్బు. రెండు మాటల మూలాలూ గ్రీకులోనే ఉన్నాయి. ఆస్బెస్టాస్ అంటే 'ఆరనిది'. అమియాంత్‌కి మూలమైన మాటకి అర్థం 'మైల పడనిది'. విషానికి ఇంతకంటే శుభ్రమైన పేరు నేనైతే వినలేదు.

మనకీ ఇలాంటి చీలిక ఒకటి ఉంది. పాఠ్యపుస్తకాల తెలుగులో దీన్ని రాతినార అన్నారు. బడి ల్యాబులో బున్సెన్ బర్నర్ మీద పెట్టే తీగవల మధ్యలో తెల్లగా ఉండేది అదే. కానీ మన జీవితాల్లోకి అది ఆ పేరుతో రాలేదు. సిమెంటు రేకు అన్న పేరుతో వచ్చింది. కొన్ని కొట్ల బోర్డుల మీద 'ఆస్బెస్టాస్ షీట్లు' అని ఉంటుంది నిజమే, ఇంట్లో మాత్రం రేకులే. రేకుల ఇల్లు, రేకుల షెడ్డు, కోళ్ళ ఫారం రేకులు. రాతినార అనే మాట తెలిసినవాడికి రేకు తెలుసు, రేకు తెలిసినవాడికి రాతినార తెలియదు.

సరే, అసలు కథ 1949లో జరిగింది. ఆ ఫిబ్రవరిలో ఆస్బెస్టాస్‌లోనూ, పక్క ఊరు థెట్‌ఫోర్డ్ మైన్స్‌లోనూ కలిపి దాదాపు ఐదు వేల మంది గని కార్మికులు సమ్మెకి దిగారు. గంటకి 15 సెంట్ల పెంపు అడిగారు, సంక్షేమ నిధి అడిగారు. వాటితోబాటు, మిల్లు లోపలా బయటా దుమ్ము లేకుండా చేయమని అడిగారు. ఆ దుమ్ము తమ ఊపిరితిత్తుల్ని ఏదో చేస్తోందని వాళ్ళు విన్నారు. ఆ ప్రాంతపు మిల్లు కార్మికుల ఊపిరితిత్తుల జబ్బు గురించి ఆ జనవరిలోనే మాంట్రియల్ పత్రిక 'ల్ దెవ్వార్'లో వచ్చింది.

రాష్ట్ర ప్రధాని మోరిస్ డుప్లెస్సీ సమ్మెని చట్టవిరుద్ధమన్నాడు, పోలీసుల్ని పంపాడు. మే నెలలో సమ్మెదారులు ఊళ్ళోకొచ్చే దారులు మూసేశారు. మర్నాడు అల్లర్ల చట్టం చదివి వినిపించి, పట్టుకెళ్ళి కొట్టారు. మాంట్రియల్ ఆర్చిబిషప్ షార్బొన్నో కార్మికుల పక్షాన ప్రసంగించి, చర్చిల్లో వాళ్ళ కుటుంబాల కోసం చందాలు పోగుచేయించాడు. చర్చి, ప్రభుత్వం ఒకే మంచం మీద పడుకునే రోజుల్లో అది చిన్న విషయం కాదు. మరుసటి ఏడాది ఆయన రాజీనామా చేసి దేశం ఆ చివరన ఉన్న విక్టోరియాకి వెళ్ళిపోయాడు. కారణం ఇదొక్కటే కాదంటారు, ఇదీ ఒకటి కాదని మాత్రం ఎవరూ అనరు.

జూలై మొదట్లో సమ్మె ముగిసింది. జీతం కొద్దిగా పెరిగింది. దుమ్ము అలాగే ఉంది.

క్విబెక్ చరిత్రలో ఈ సమ్మెకి పెద్ద పీట ఉంది. సమ్మె చూడడానికి వెళ్ళిన కుర్ర లాయరు పియెర్ ట్రుడో 1956లో దీని మీద ఒక వ్యాస సంకలనం వేశాడు, 1968లో దేశానికి ప్రధాని అయ్యాడు. కార్మిక నాయకుడు జాన్ మార్షాన్, విలేఖరి జెరార్ పెల్లెటియె కూడా కేంద్రంలో మంత్రులయ్యారు. నిద్రపోతున్న క్విబెక్‌ని లేపింది ఈ సమ్మేనని పుస్తకాల్లో రాస్తారు. రాస్తే తప్పు లేదు. కానీ ఒక ఊరివాళ్ళు దుమ్ము తీసేయమని అడిగితే చరిత్ర వాళ్ళకి స్వాతంత్ర్యమూ ఆధునికతా అని బిరుదులిచ్చి పంపించింది. దుమ్ము గురించి ఇంకో పాతికేళ్ళు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. పెద్ద అర్థం వెతికేవాళ్ళ చేతిలో పడితే చిన్న కోరికకి ఇలాగే జరుగుతుంది.

అదే 1949లో, అదే ఊళ్ళో, ఇంకో కాగితం తయారైంది. కంపెనీ డాక్టరు కెన్నెత్ స్మిత్ 708 మంది కార్మికుల ఎక్స్‌రేలు చూసి నివేదిక రాశాడు. ఊపిరితిత్తులు మామూలుగా ఉన్నవాళ్ళు నలుగురంటే నలుగురు. ఏడుగురికి ఆస్బెస్టోసిస్ వచ్చేసింది. ఆ ఏడుగురికీ ఆ సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పనక్కర్లేదో కూడా డాక్టరు అందులో వివరించాడు. ఈ జబ్బు తగ్గేది కాదు. మనిషి ఇంకా పడిపోలేదు, ఇంట్లో బావున్నాడు, పనిలో బావున్నాడు. చెబితే దిగులు తప్ప ఒరిగేదేమీ లేదు. చెప్పకపోతే అతను ప్రశాంతంగా బతుకుతాడు, అతని అనుభవం కంపెనీకి పనికొస్తుంది. ఈ కాగితం తర్వాతెప్పుడో అమెరికా కోర్టు కేసుల్లో బయటపడింది.

ఈ భాగం చదివినప్పుడు నాకు కోపం రావడానికి కొంచెం సమయం పట్టింది. ఎందుకంటే ఈ మాటలు నేను ఎక్కడో విన్నాను. మన ఇళ్ళల్లో పెద్దాయనకి కాన్సరని తెలిస్తే ఏం చేస్తాం? డాక్టరు గది బయట నిలబడి, "ఆయనకి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు" అంటాం. రిపోర్టు దాచేస్తాం. "ఏదో కాస్త ఇన్ఫెక్షను నాన్నా, మందులు వేసుకుంటే తగ్గిపోతుంది" అంటాం. దాన్ని మనం ప్రేమ అంటాం, చాలా సందర్భాల్లో అది ప్రేమే. స్మిత్ డాక్టరు రాసిన వాక్యాల్లో చివరి ముక్క కొట్టేస్తే మా మేనమామలు ఆస్పత్రి వరండాలో మాట్లాడుకున్న మాటలకీ వాటికీ తేడా లేదు.

తేడా ఎక్కడుంది మరి? చెప్పకపోవడం తప్పు, చెప్పడం ఒప్పు అని నీతి పుస్తకంలా గీత గీస్తే మన అమ్మలూ అత్తలూ కూడా ఆ కంపెనీ వైపుకే పడతారు. నాకు తోచింది ఇది. ఇంట్లో దాచినప్పుడు ఆ రహస్యం బరువు దాచినవాళ్ళే మోస్తారు. పక్క గదిలోకెళ్ళి వాళ్ళే ఏడుస్తారు. దాచినందువల్ల వాళ్ళకి రూపాయి మిగలదు. పెద్దాయన్ని మర్నాడు మళ్ళీ ఆ జబ్బు పుట్టిన చోటికి పంపరు. స్మిత్ డాక్టరు కథలో ఈ మూడూ తలకిందులు. బరువంతా చెప్పించుకోనివాడి మీదే. లాభం దాచినవాడికి. ఆ మనిషి మర్నాడు ఉదయం టిఫిన్ డబ్బా పట్టుకుని మళ్ళీ ఆ దుమ్ములోకే వెళ్ళాడు. అయినా మొదటిది పూర్తిగా ఒప్పని నేననను, ఆ పెద్దాయనకి కూడా తేల్చుకోవలసిన లెక్కలు ఉంటాయి. కానీ రెండోదాన్ని 'అతని మంచికే' అనే మాటతో కప్పినప్పుడు, ఆ మాటకి ఇంట్లో ఉన్న పరువు వాడుకున్నారు. అందుకే అంత అసహ్యంగా ఉంటుంది.

ఇంతవరకు చెప్పిన కథలో మన సానుభూతి ఎటు వెళ్ళాలో సులువుగానే తెలుస్తుంది. కష్టం దీని తర్వాత మొదలవుతుంది.

1970ల కల్లా ఆస్బెస్టాస్ సంగతి లోకానికి తెలిసిపోయింది. కేసుల దెబ్బకి జాన్స్-మాన్విల్ 1982లో దివాలా పిటిషన్ వేసింది. అమెరికా, యూరప్ కొనడం తగ్గించాయి. గని స్థానికుల చేతికొచ్చింది. ఇక మిగిలిన మార్కెట్టు ఆసియా, అందులో ముఖ్యంగా మనం. ఖనిజాన్ని సమర్థించడానికి 1984లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలూ పరిశ్రమా కలిసి ఆస్బెస్టాస్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటి పెట్టాయి. కొన్నాళ్ళకి అది తన పేరు క్రిసోటైల్ ఇన్‌స్టిట్యూట్‌గా మార్చుకుంది. తెల్ల ఆస్బెస్టాస్‌కి శాస్త్రీయ నామం క్రిసోటైల్. ఊరి కంటే ముందే పేరు మార్చుకున్న సంస్థ ఇది. ఊరు సిగ్గుతో మార్చుకుంది, సంస్థ బేరం కోసం మార్చుకుంది. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

'సురక్షిత వినియోగం' వాళ్ళ మంత్రం. జాగ్రత్తగా వాడితే ఏమీ కాదని. ఒట్టావాలో పార్లమెంటు భవనాల నుంచి ఆస్బెస్టాస్‌ని ముసుగులేసుకుని ఊడపీకుతున్న రోజుల్లోనే కెనడా తను తవ్విందాన్ని దాదాపు మొత్తం బయటి దేశాలకి అమ్మింది. ప్రమాదకర పదార్థాల వ్యాపారం మీద రాటర్‌డామ్ ఒప్పందం అని ఒకటుంది. దాని జాబితాలో చేరిన సరుకుని అమ్మేవాడు, ఇందులో ఇదుంది, ఇంత ప్రమాదం అని కొనే దేశానికి ముందే చెప్పాలి. నిషేధం కాదు, చెప్పడం మాత్రమే. ఆ జాబితాలో క్రిసోటైల్‌ని చేర్చకుండా కెనడా పదే పదే అడ్డుపడింది. 2011లో భారతదేశం కూడా సరేనన్నా కెనడా ఒప్పుకోలేదు. మళ్ళీ అదే: చెప్పనక్కర్లేదు, వాళ్ళు ప్రశాంతంగా ఉన్నారు.

మరి ఊరివాళ్ళు? 2010 నుంచి 2012 వరకు గనిని మళ్ళీ పెద్ద ఎత్తున తెరవాలని పట్టుపట్టినవాళ్ళలో ఊరివాళ్ళూ ఉన్నారు. 2011లో అమెరికాలోని 'డైలీ షో' బృందం ఊరి పేరు మీద జోకులు వేద్దామని వచ్చింది. భారతదేశంలో కార్మికుల పరిస్థితేమిటని అడిగితే, కాలుష్యానికి అలవాటుపడ్డవాళ్ళు కదా, వాళ్ళకి సహజంగానే ప్రతిరోధక శక్తి ఉంటుందన్న ధోరణిలో గని అధ్యక్షుడు కెమెరా ముందే జవాబిచ్చాడు. 2012 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం గనికి 5 కోట్ల 80 లక్షల డాలర్ల అప్పు ప్రకటించింది. ఊళ్ళో సంబరపడ్డారు. సెప్టెంబరులో ప్రభుత్వం మారింది, అప్పు రద్దయింది, గని కథ ముగిసింది. 2018 చివర్లో కెనడా ఆస్బెస్టాస్‌ని నిషేధించింది. సమ్మెని పుస్తకంగా వేసిన ట్రుడో కొడుకు అప్పుడు ప్రధాని. అరవై తొమ్మిదేళ్ళు.

ఇప్పుడు అడగవలసిన ప్రశ్న: దుమ్ము తీసేయమని 1949లో లాఠీదెబ్బలు తిన్న ఊరు, 2012లో ఆ దుమ్మునే బస్తాల్లో కట్టి మనకి పంపడానికి సిద్ధపడితే, ఆ ఊరిని ఏమనాలి?

బాధితుడు అన్న మాట ఒకసారి అతికిస్తే ఊడదు. ఒకప్పుడు అన్యాయం జరిగినవాళ్ళు ఇంకొకరికి అన్యాయం చేయలేరని మనకి ఎక్కడో నమ్మకం. కోడలిగా ఏడ్చిన మనిషే అత్తగా ఏడిపించిన ఇళ్ళు చూసి కూడా ఈ నమ్మకం పోదు. కానీ ఆస్బెస్టాస్ ఊరివాళ్ళని 'తెలిసీ అమ్మారు' అని ఒక్క మాటలో తేల్చడం కూడా నాకు న్యాయంగా అనిపించదు. తెలియడం అంటే ఏమిటి? వాళ్ళకి తెలియజెప్పవలసిన డాక్టరు దాచాడు. తర్వాత ప్రభుత్వం, పరిశ్రమ కలిసి పెట్టిన ఇన్‌స్టిట్యూటే వాళ్ళకి ఏం ఫర్వాలేదని పాతికేళ్ళు చెప్పింది. పైగా ఊళ్ళో ఎనభై ఏళ్ళ పెద్దమనుషులు ఉంటారు, "నలభై ఏళ్ళు గనిలో చేశాను, నాకేమైంది?" అంటారు. ఈ జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ళు పడుతుంది. బతికినవాడు కాఫీ హోటల్లో కూర్చుని సాక్ష్యం చెబుతాడు, పోయినవాడు రాడు. నేనా ఊళ్ళో పుట్టి, మా నాన్న ఆ గనిలో పనిచేసి ఉంటే, ఎవరి మాట నమ్మేవాణ్ణి? నాన్న మాట తప్పంటే నాన్న బతుకే తప్పన్నట్టు ఉంటుంది.

కాబట్టి నేను గీత ఇక్కడ గీస్తాను. జబ్బు గురించి పూర్తిగా తెలియకపోవడానికి వాళ్ళకి సాకు ఉంది. కొనేవాడి గురించి ఆలోచించకపోవడానికి లేదు. 1949లో వాళ్ళు అడిగింది మిల్లులో దుమ్ము లేకుండా చేయమని. అంటే పనిచోట దుమ్ముంటే ఏమవుతుందో ఆ ఊరికి లోకంలో అందరికంటే ముందు తెలుసు. తమ సరుకు వెళ్ళే ఊళ్ళో మిల్లు ఎలా ఉంటుంది, రేకు కోసేవాడు ఎలా కోస్తాడు అని అడగడానికి శాస్త్రం అక్కర్లేదు, జ్ఞాపకం చాలు. 2010 డిసెంబరులో ఆసియా దేశాల నుంచి ఒక బృందం ఇది అడగడానికే క్విబెక్ వెళ్ళింది. అప్పటికి ఊరికి ఆ జ్ఞాపకం విగ్రహమైపోయింది, దండ వేయడానికి మాత్రమే పనికొస్తోంది. అయితే ఈ తప్పులో ఊరి వాటా చిన్నది. అప్పు ప్రకటించిన ప్రభుత్వానికీ, ఒప్పందానికి అడ్డుపడిన ప్రభుత్వానికీ నిపుణులున్నారు, ఫైళ్ళున్నాయి, తమ సొంత పార్లమెంటు గోడలున్నాయి. ఊరి ముందు ఉన్నది రెండే: మూతపడ్డ గని, ఇంకో వారం జీతం.

ఇక మనవైపు చూద్దాం. మా నాయనమ్మ వాళ్ళది తాటాకు ఇల్లు. ఎండాకాలం వస్తే ఊళ్ళో ఏదో ఒక వీధి తగలబడేది. మధ్యాహ్నం గాలి లేచిందంటే పొయ్యి ఆర్పమని కేకలు. ఒక వేసవిలో వాళ్ళ వరసంతా పోయింది. ఆ తర్వాత వేసినవి రేకులే. రేకుల ఇంట్లో మే నెల పడుకోవడమంటే పెనం మీద పడుకోవడమే, అయినా నాయనమ్మ మాత్రం రేకుల్ని ఎప్పుడూ తిట్టలేదు. "నిప్పుకి భయం లేదురా" అనేది. కాలనిది అన్న గుణానికి గ్రీకులో పేరు పెట్టినవాళ్ళ కంటే ఆవిడకే ఎక్కువ అర్థమయ్యుంటుంది. అందువల్ల ఈ రేకుని పూర్తిగా రాక్షసిని చేసి రాయడం నా వల్ల కాదు. పెంకుకి, స్లాబుకి డబ్బు లేనివాడికి అది నిజంగానే ఒక మెట్టు పైకి.

పైన ఉన్న రేకు దానంతట అది పెద్దగా ఏమీ చేయదు కూడా. సిమెంటులో నార బిగుసుకుని ఉంటుంది. కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, పగిలినప్పుడు అది గాల్లోకి లేస్తుంది. సురక్షిత వినియోగం అనే మాట ఫ్యాక్టరీ గేటు దాకా ఎలాగోలా నడుస్తుంది, నీళ్ళు చల్లొచ్చు, ఫిల్టర్లు పెట్టొచ్చు. గేటు దాటి ట్రాక్టరెక్కిన రేకుకి ఏ వినియోగమైనా ఒకటే. మేస్త్రీ గ్రైండరు పెట్టి కోస్తాడు, తెల్లటి పొడి లేస్తుంది, పక్కనే కూలి మనిషి బిడ్డ ఆడుకుంటుంది. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో షెడ్ల మీది రేకులు ఎగిరి ముక్కలై రోడ్ల నిండా పడ్డాయి, చేతుల్తోనే ఎత్తిపోశారు. 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ ఆరోగ్యం వాళ్ళ జీవించే హక్కులో భాగమని చెప్పింది, వాళ్ళ వైద్య రికార్డులు నలభై ఏళ్ళు దాచమంది. మంచి తీర్పు. మేస్త్రీకి ఏ ఫ్యాక్టరీలోనూ రికార్డు ఉండదు.

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో మనమూ ఈ రాతినార తవ్వాం. తవ్వడం ప్రమాదమని దేశంలో కొత్త లీజులు ఇవ్వడం మానేశాం. కొనడం మానలేదు. క్విబెక్ పోతే రష్యా, కజకిస్తాన్. తవ్వకూడదు గానీ వాడొచ్చు అనే ఈ ఏర్పాటుకీ, వాడకూడదు గానీ అమ్మొచ్చు అన్న కెనడా ఏర్పాటుకీ నైతికంగా తేడా ఏమిటో నాకు ఎంత ఆలోచించినా దొరకలేదు. దుమ్ము పక్కింట్లో పడితే చాలన్నదే రెండింటి సారం. పక్కిల్లు దేశం అవతల ఉంటే వాళ్ళది, వీధి చివర ఉంటే మనది.

మొన్నామధ్య మా అపార్టుమెంటు వెనక కార్ల షెడ్డుకి రేకులు కావలసివస్తే నేనే కొట్టుకి వెళ్ళాను. ఇందులో ఏముంటుందండీ అని అడిగాను. "సిమెంటే సార్" అన్నాడు. ఇంకేమీ ఉండదా అంటే, బలానికి ఏదో నార కలుపుతారు సార్ అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. దాచాడని కూడా అనలేను. అతనికి ఎవరూ చెప్పలేదు. స్మిత్ డాక్టరు 1949లో దాచాలని తీర్మానించుకోవలసి వచ్చింది, కాగితం మీద కారణాలు రాసుకోవలసి వచ్చింది. మన దగ్గర ఆ శ్రమ కూడా లేదు. పేరే రాకపోతే దాచడానికేముంటుంది? మేం రేకులు కాకుండా జింకు షీటు తీసుకున్నాం, ధర ఎక్కువే. తీసుకోలేనివాడు ఆ పక్కనే ఆటోలో ఎనిమిది రేకులు ఎక్కించుకుని వెళ్ళాడు.

ఈ కోణం నుంచి చూశాక ఆ ఊరి పేరు మార్పు మీద నా మొదటి మొరటు ప్రశ్న మెత్తబడింది. పాత పేరు ఉంచుకుంటే అది నిజాయితీ, మార్చుకుంటే మరుపు అని దూరాన కూర్చుని అనేయొచ్చు. ఆ పేరు మోసేది మనం కాదు. తెలుగువాళ్ళకి ఇది తొందరగా అర్థం కావాలి. మనలో సగం మంది ఇంటిపేర్లు ఎప్పుడో వదిలేసిన ఊళ్ళవే. ఊరు ప్రాజెక్టులో మునిగినా పేరు మన ముందు నడుస్తూనే ఉంటుంది. ఆ పేరు వినగానే ఎదుటివాడు చెయ్యి వెనక్కి తీసుకుంటే ఎలా ఉంటుంది?

ఓటింగు 2020 అక్టోబరులో, కోవిడ్ వల్ల కార్లలో కూర్చునే జరిగింది. అంతకుముందు నాలుగు పేర్లతో ఒక జాబితా పెడితే జనం పెదవి విరిచారు, దాన్ని పక్కన పడేసి ఆరు పేర్లతో ఇంకోటి తయారుచేశారు. అందులో గని గుర్తుగా జెఫ్రీ పేరు ఉన్నదొకటి, బూడిదలోంచి లేచే పక్షి ఫీనిక్స్ ఒకటి. మూడో విడత లెక్కింపులో 51.5 శాతంతో వాల్-దె-సూర్స్ గెలిచింది. ఊరి చుట్టూ ఉన్న జిల్లా లాంటి విభాగం 2006లోనే ఆస్బెస్టాస్ పేరు తీసేసి 'సూర్స్' అని పెట్టుకుంది, ఊరు పద్నాలుగేళ్ళు ఆలస్యంగా అదే దారి పట్టింది. పక్కనున్న థెట్‌ఫోర్డ్ మైన్స్‌కి మాత్రం ఇబ్బంది లేదు. గనులు అని ఉంది, ఏ గనులో లేదు.

ఊళ్ళో ఇప్పుడు ఒక చిన్న బీరు తయారీ కేంద్రం ఉంది, పాత గని మిల్లు గుర్తుగా దాని పేరు 'మూలాఁ 7', అంటే ఏడో మిల్లు. పురపాలక బోర్డు మీద పోయిన గని బీరు సీసా మీదకి వచ్చి కూర్చుంది. ఆ ఓటింగులో పద్నాలుగేళ్ళు నిండినవాళ్ళందరికీ ఓటిచ్చారు. పద్నాలుగేళ్ళ పిల్లలకి గని ఆగిపోయిన నాటికి ఐదారేళ్ళు ఉంటాయి. వాళ్ళు ఏ పేరుకి ఓటేశారో ఎవరికీ తెలియదు. వాళ్ళ బడి సర్టిఫికెట్ల మీద ఇకనుంచి ఊటల లోయ అని ఉంటుంది. తాతల ఆస్పత్రి కాగితాల మీద పుట్టిన ఊరు అన్న గడిలో ఆస్బెస్టాస్ అనే ఉంటుంది, దాని కింద ఊపిరితిత్తుల గురించి ఏదో రాసి ఉంటుంది.